చక్రాల కుర్చీలో మీటరమ్మ

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, చుట్టుపక్కల పేటల్లో దానితో ఎవరికీ పని పడలేదు. ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం ఆమెది. అందుకని మీటరమ్మ.

ప్రతి గేటు పక్కనా నేలలో ఒక ఇనుప మూత ఉంటుంది. చేతిలోని కొక్కెంతో దాన్ని లేపాలి, వంగాలి, మీటరు అద్దం మీది మట్టిని బొటనవేలితో తుడిచి అంకె చూడాలి, మూత వేసి పక్క గేటుకు నడవాలి. పొద్దున మొదలుపెడితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా అదే పని. ఆ ఉద్యోగంలో చేరిన మగవాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే ఆఫీసులో కుర్చీ పని కోసం వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకున్నారు. ఆమె తన కాళ్లనే నమ్ముకుంది. రిటైరయ్యేదాకా నడిచింది. ఆ వీధుల్లో కుక్కలు కూడా ఆమెను చూసి మొరగడం మానేశాయి. "మీటరమ్మతో కలిసి నడవాలంటే సైకిలుండాలి" అనేవారు తోటివాళ్లు. ఆమెకు గర్వమంటూ ఏదైనా ఉంటే అది మోకాళ్ల దగ్గర మొదలై పాదాల దాకా ఉండేది.

భర్త పోయాక, ఉద్యోగమూ అయిపోయాక, కూతురింట్లో చేరింది. అల్లుడు టైల్స్ కంపెనీ గోదాములో పని చేసేవాడు. ఏ పెట్టె లారీలో అడుగున వెయ్యాలి, ఏది పైన పెట్టాలి, ఏది ముందు దిగుతుంది, అదంతా చూసుకోవడం అతని వంతు. దారిలో ఒక్క పలక పగిలిందని తెలిసినా ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు. ఇంట్లోనూ అదే మనిషి, వాన పడకముందే గొడుగు విప్పే రకం. విసుగొచ్చి పెళ్లాం అతనికి ముందుచూపు అని పేరు పెట్టింది. అది మెచ్చుకోలనుకుని అతను సంతోషించాడు.

ముందుచూపుకు పరాయి దేశం ఒకటి చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఒక ఏడాది కంపెనీలో సెలవులన్నీ కలిపి ఇచ్చారు. భార్యనూ ఇద్దరు పిల్లలనూ, వాళ్లతోపాటు అత్తగారినీ తీసుకువెళ్లాలని నిశ్చయించాడు. "మీరూ వస్తున్నారు అత్తయ్యా" అన్నప్పుడు మీటరమ్మ పైకి, "నాకెందుకు బాబూ, మీరెళ్లి రండి" అంది. అన్నదే గానీ ఆ సాయంత్రమే వీధి చివరిదాకా వెళ్లి, కనబడిన ప్రతివాళ్లకూ చెప్పి వచ్చింది.

ఆ రోజు నుంచి భోజనాల బల్ల మీద భోజనం లేదు. బల్ల నిండా పాస్‌పోర్టులు, వాటి నకళ్లు, మందులు, ఆ దేశపు గోడల్లో పట్టే ప్లగ్గులు, సూట్‌కేసులకు గుర్తుగా కట్టే ఎర్ర రిబ్బన్లు. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. విమానాశ్రయానికి ఒక టాక్సీ చెప్పాడు ముందుచూపు. అది రాకపోతే ఎలాగని ఇంకోటి చెప్పాడు. "ఆ రెండోది కూడా రాకపోతే?" అని భార్య ఎగతాళి చేస్తే నిజంగానే ఆలోచనలో పడ్డాడు. కడుపులో తిప్పే చిన్నవాడికి ఏ సీటు, రైలు స్టేషనులో ఏ గేటు నుంచి బసకు దగ్గర, వాన పడితే ఏం చూడాలి, అన్నీ కుదిర్చాడు. ఒక్కటి మాత్రం కుదరలేదు.

దారిలో ఒక పెద్ద విమానాశ్రయంలో దిగి వేరే విమానం ఎక్కాలి. రెంటికీ మధ్య వ్యవధి బాగా తక్కువ. అక్కడి తనిఖీల వరసలో పడితే గంటలు పడుతుందని, అక్కడ విమానం తప్పిపోతే మర్నాటి దాకా ఇంకోటి లేదని ఎవరో అతనికి చెప్పారు. అప్పట్నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. చివరికి అతని గోదాములోనే ఒక పెద్దమనిషి ఉపాయం చెప్పాడు.

మీటరమ్మ గేటు బందులకు నూనె వేస్తుంటే అతను వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అత్తయ్యా, మీకు మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా?"

"నాకా? నన్ను పట్టుకోవాలంటే నొప్పి కూడా పరుగెత్తాలి బాబూ. దానికంత ఓపికెక్కడిది?"

అతను నవ్వలేదు. చెప్పులోని బొటనవేలు వైపు చూస్తూ సంగతి చెప్పాడు. పెద్దవాళ్లకు వీల్‌చైర్ కావాలని ముందే రాస్తే, విమానం తలుపు దగ్గరికే కుర్చీ తెస్తారు. తోసుకువెళ్లే మనిషి వాళ్లను వేరే దారిలో, వరసలో నిలబడే పని లేకుండా తీసుకువెళతాడు. ఇంట్లోవాళ్లు కూడా వెంట వెళ్లొచ్చు.

"అందరూ చేస్తున్నదేనంట అత్తయ్యా. ఒక్క గంట కూర్చుంటే చాలు."

"కాళ్లుండగా కుంటిదాన్నని చెప్పనా? నా వల్ల కాదు."

అప్పటికి అతను వెళ్లిపోయాడు గానీ, వంటింట్లో కూతురు అందుకుంది. "అమ్మా, పిల్లల్ని వేసుకుని రాత్రంతా ఆ నేల మీద పడుండాలా? నిన్ను నడిచి రమ్మనట్లేదుగా, కూర్చోమంటున్నాం. అంతే."

మీటరమ్మకు కాదనే మొహం లేకపోయింది. కొడుకైతే దెబ్బలాడేది. అత్తగారిని వెంటబెట్టుకుని పరాయి దేశం వెళ్లే అల్లుళ్లు ఎంతమంది? అదొకటి. ఇంకోటి ఆమె ఎవరికీ చెప్పలేదు. తన పేటలో కళ్లకు గంతలు కట్టినా ఇల్లు చేరగలదు గానీ, భాష రాని ఆ పెద్ద విమానాశ్రయంలో తప్పిపోతానని ఆమెకు లోలోపల భయంగా ఉంది. ఎవరో తోసుకువెళితే ఆ బెంగ ఉండదు. అలా మనసులో కూడా కొంత ఒప్పుకునే ఒప్పుకుంది. తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

మనవరాలు, ఇంట్లో పిచ్చుక అని పిలిచే పిల్ల, కుంటడం నేర్పే బాధ్యత తీసుకుంది. "అమ్మమ్మా, నువ్వు మరీ నాటకంలోలా కుంటుతున్నావు. కొంచెం తగ్గించు" అని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించేది. అందరూ పడీపడీ నవ్వారు. మీటరమ్మ కూడా నవ్వింది. కిటికీలోంచి ఆ నడక చూసిన పక్కింటి టైలరు మాత్రం నవ్వలేదు. మిషను ఆపి, తను వాడే నొప్పుల మందు సీసా పట్టుకుని వచ్చాడు.

"ఇదేంటి మీటరమ్మా, నీకెప్పుడొచ్చింది ఈ పాడు రోగం? రాత్రి పడుకునేముందు రాసుకో, వేడినీళ్ల కాపడం పెట్టు."

ఆమె ఆ సీసా తీసుకుంది. "పెద్దతనం కదా" అంది. ఆ అబద్ధం అంత సులువుగా వచ్చేసినందుకు తనకే ఒళ్లు జలదరించింది.

బయల్దేరిన రోజు మొదటి టాక్సీయే చెప్పిన వేళకు వచ్చింది. విమానాశ్రయంలో కుర్చీ కూడా సిద్ధంగా ఉంది. కూర్చున్న కాసేపు ఆమెకు బాగానే ఉందన్న మాట దాచి లాభం లేదు. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఒక అధికారి లేచి నిలబడి మరీ ఆమె పాస్‌పోర్టు అందుకున్నాడు. నీళ్ల మీటరు చూడటానికి వెళితే గేటు కూడా తీయని మనుషుల మధ్య బతికిన ఆడమనిషికి ఇదొక వింత. వరసలో నిలబడ్డ ఒక పడుచుపిల్ల మాత్రం ఆమెను చూసి జాలిగా నవ్వింది. అప్పుడు చెంగు సర్దుకుంటున్నట్టు మీటరమ్మ తల దించుకుంది.

విమానంలో ఆమె పక్కనున్న ఇద్దరూ దంపతులు. ఆయన ఎత్తయిన మనిషి. బూట్ల తాళ్లు విప్పేసి ఉన్నాయి, పాదాలు వాచి లోపల పట్టడం లేదు. చేతికర్ర కాళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆవిడ కలుపుగోలు మనిషి.

"మీక్కూడా మోకాళ్లేనా? ఇందాక కుర్చీలో చూశాను."

"ఆ" అంది మీటరమ్మ.

"మావారికి పాదాలమ్మా. నేల మీద ఆనిస్తే నిప్పుల మీద పెట్టినట్టే. వాళ్ల అన్నగారికి ఒంట్లో బాగోలేదు, పదేళ్లయింది అన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకుని. అందుకని ఈ సాహసం."

ఆవిడ టికెట్లు తీసి చూపించింది. వాళ్లూ అక్కడ దిగి ఆ రెండో విమానమే ఎక్కాలి. అందులో వాళ్ల సీట్లు సరిగ్గా వీళ్ల వెనక వరసలోవే. "మంచిదైంది, తోడున్నారు" అని ఆవిడ మోకాళ్లకు ఏం తినాలో, మెట్లు ఎలా ఎక్కాలో చాలాసేపు చెప్పింది. మీటరమ్మ ప్రతిదానికీ తలూపింది. ఆమె తలూపిన కొద్దీ ఆవిడ ఇంకా ఆప్యాయంగా చెప్పింది.

విమానం ఆలస్యంగా దిగింది. ముందుచూపు చెమటలు తుడుచుకుంటూ అందరికంటే ముందు సంచులు భుజానికెత్తుకున్నాడు. తలుపు బయట కుర్చీలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో పేరే పిలుస్తూ ఒక్కో కుర్చీ తోసుకుపోయారు. చివరికి ఒకటి మిగిలింది. దాన్ని పట్టుకుని ఉన్నది దాదాపు మీటరమ్మ వయసే ఉన్న ఆడమనిషి. ఒంటికి వదులైన యూనిఫారం, కర్రపుల్లల్లాంటి మణికట్లు. చేతిలోని ఫోను చూసి మీటరమ్మ పేరు చదివింది.

ఆ పొడుగాటాయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ తన కాగితాలు చూపించి ఏదో అడిగింది. కుర్చీ మనిషి ఫోను కిందికీ పైకీ జరిపి చూసి, తల అడ్డంగా ఊపింది. వాళ్లూ ముందే అడిగారట, ఎందుకో పేరు ఎక్కలేదు. ఇంకో కుర్చీ తెప్పించాలి. ఎప్పుడొస్తుందో తెలియదు.

మీటరమ్మ కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఒక్క మాట చాలు. 'ఆయన్ని కూర్చోబెట్టండి, నేను నడుస్తాను.' ఆ మాట గొంతు దాకా వచ్చింది. అల్లుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నొక్కలేదు, ఊరికే వేశాడంతే. "అత్తయ్యా, టైం లేదు" అన్నాడు మెల్లగా.

గోడ దగ్గర నుంచి ఆవిడే అంది, "వెళ్లండమ్మా, పిల్లలతో ఉన్నారు. మేం మెల్లగా వస్తాం."

మీటరమ్మ కూర్చుంది. కాళ్లు పెట్టుకునే పలకలు ఆమే కాలితో వాల్చుకుంది.

అక్కణ్నుంచి వెళ్లే నడవ ఒక చోట ఎత్తుకు ఎక్కుతుంది. ముందుచూపూ కూతురూ పిల్లలను లాక్కుంటూ ముందు పరుగెడుతున్నారు. వెనక కుర్చీ తోస్తున్న మనిషి ఊపిరి మీటరమ్మ మెడకు తగులుతోంది. ఎత్తు పెరిగిన కొద్దీ ఆ ఊపిరి చిన్నదవుతోంది. ఎండలో నడిచిన మనిషికి ఇంకో మనిషి అలుపు చెవితో విన్నా తెలుస్తుంది. సగం దూరంలో కుర్చీ ఆగింది. తిరిగి చూస్తే ఆ మనిషి ఒక చేత్తో పిడి పట్టుకుని, ఇంకో చెయ్యి నడుము మీద వేసుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది.

మీటరమ్మకు ఇక ఆలోచన లేదు. లేచి నిలబడింది, తన రెండు కాళ్ల మీద నిటారుగా. "నువ్వు ఉండమ్మా, నేను నడుస్తాను" అంది తెలుగులో.

ఆ మనిషి ఆమె కాళ్లవంక చూసింది. తర్వాత మొహంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే మీటరమ్మకు కొంత తేలికయ్యేది. అక్కడ కోపం లేదు. ఇలాంటివాళ్లను రోజూ చూసే చూపు అది. అంతలోనే బెదురుగా పైకి, కెమెరా ఉన్న వైపు వేలు చూపించింది. మెడలోని కార్డు పట్టుకుని చూపించింది. "నో, నో. సిట్, మేడమ్. ప్లీజ్." కుర్చీలో పంపిన మనిషి నడుస్తూ కనబడితే మాట పడేది తనేనని ఆ సైగల అర్థం.

నిజం చెప్పి దిగిపోయే దారి కూడా లేకపోయింది. మీటరమ్మ మళ్లీ కూర్చుంది. మిగిలిన ఎత్తంతా చీర కుచ్చిళ్లు గుప్పెట్లో పట్టుకుని, బరువు తగ్గుతుందేమోనన్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంది.

విమానం అందింది. బెల్టు పెట్టుకుంటూ ముందుచూపు మొహం వెలిగిపోయింది. "చూశారా అత్తయ్యా! ఆ వరసలో పడుంటే మన పని ఆఖరే."

మీటరమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక వరసలో రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఎవరు వస్తున్నా మెడ చాచి చూసింది. ఒక కుర్రాడు వచ్చాడు, పసిపిల్లతో ఒక తల్లి వచ్చింది. తర్వాత తలుపు మూసేశారు.

"బాబూ, ఆ ఇద్దరూ ఎక్కలేదు."

అతను చూశాడు. "వేరే చోట కూర్చుని ఉంటారు లెండి" అన్నాడు. విమానం లేచాక మీటరమ్మ టాయిలెట్టుకని లేచి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. కుంటలేదు. వాళ్లు ఎక్కడా లేరు.

ఆ దేశంలో అన్నీ ముందుచూపు లెక్క వేసినట్టే జరిగాయి. రైలు వేళకు వచ్చింది, బస శుభ్రంగా ఉంది, వాన పడ్డ రోజు మ్యూజియం చూశారు. మీటరమ్మ మాత్రం ఎవరో తరుముతున్నట్టు నడిచింది. లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కింది. కొండ మీది కోటకు బస్సుంటే ఆమె కాలిబాటన వెళ్లి, వాళ్ల కంటే ముందు పైన నిలబడింది. "అమ్మకి ఇక్కడి గాలి పడింది" అని కూతురు మురిసిపోయింది. పొడుగ్గా ఎవరైనా కర్రతో కనబడితే మీటరమ్మ నడుస్తున్నదల్లా టక్కున ఆగిపోయేది. దగ్గరికి వచ్చాక వేరేవాళ్లు.

ఒక సాయంత్రం పిల్లలు తల్లితో ఐస్‌క్రీముకు వెళితే, అల్లుడూ ఆమే ఒక బల్ల మీద మిగిలారు. ఎదురుగా నీళ్లలో పడవలు కదులుతున్నాయి.

"ఆ సీట్లు నేనూ చూశాను అత్తయ్యా" అన్నాడతను ఉన్నట్టుండి. "తలుపు మూసేదాకా చూస్తూనే ఉన్నాను. మీరు అడిగితే అబద్ధం చెప్పాను."

"నీదేముంది బాబూ. కూర్చున్నది నేను."

"కూర్చోబెట్టింది నేను." అతను చేతులు రుద్దుకున్నాడు. "అన్నీ ఆలోచించాననుకున్నాను. ఆ కుర్చీ ఇంకొకళ్లకి కావాల్సొస్తుందని ఒక్కసారి కూడా తట్టలేదు."

ఆమె అతన్ని ఓదార్చలేదు. ఓదారిస్తే తననూ ఓదార్చుకున్నట్టవుతుందనిపించింది.

తిరుగు ప్రయాణంలో కుర్చీ వద్దని రాయాలని ఇద్దరూ అనుకున్నారు. అతను రాశాడు కూడా. అయినా ఆ దేశపు విమానాశ్రయంలో కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి ఒక కుర్రవాడు కుర్చీతో సిద్ధంగా నిలబడి, ఆమె పేరు పిలిచాడు. వెనక జనం ఉన్నారు. ముందుచూపు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. పిచ్చుక అమ్మమ్మ చెవిలో చెప్పింది, "నీకు ఇప్పుడు తగ్గిపోయిందని నాన్న చెబుతున్నాడు."

మీటరమ్మ అల్లుడి చెయ్యి పట్టుకుని ఆపింది. "తగ్గడమేంటి, వస్తే కదా తగ్గేది? పిచ్చుకా, నువ్వు చెప్పు. మా అమ్మమ్మకు ఏ నొప్పీ లేదు, ఎప్పుడూ లేదు, వరస తప్పించుకోవడానికి అబద్ధం చెప్పాం అని చెప్పు."

"అబద్ధం అని కూడా చెప్పాలా అమ్మమ్మా?"

"చెప్పు."

పిల్ల చెప్పింది. చెబుతుంటే దాని చెవులు ఎర్రబడ్డాయి. కుంటడం నేర్పిన రోజు నవ్వినట్టు అది ఇప్పుడు నవ్వలేదు. పిల్లకు కూడా ఇది అంటించాను కదా అని మీటరమ్మకు అప్పుడు తోచింది. వెనక నిలబడ్డవాళ్లలో ఒకావిడ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. మీటరమ్మ ఆ చూపును భరించింది, తల తిప్పుకోలేదు.

కుర్రవాడు "ఓకే" అన్నాడు. ఫోనులో ఏదో నొక్కి, కుర్చీ తిప్పుకుని, ఖాళీది తోసుకుంటూ వెళ్లిపోయాడు. అంతే. ఎవరూ తిట్టలేదు. ఎవరూ క్షమించనూ లేదు. వాళ్లు వరసలో నిలబడ్డారు. చిన్నవాడు నిద్రకు ఏడిస్తే మీటరమ్మే భుజాన వేసుకుంది. మధ్యలో దిగిన ఆ పెద్ద విమానాశ్రయంలో ఎత్తు ఉన్న నడవలో ఆమె ఆ వదులు యూనిఫారం మనిషి కోసం వెతికింది. కనబడితే ఏమనాలో మాత్రం ఆమెకు తెలియదు. కనబడలేదు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు ముందుచూపు తమ్ముడూ అతని భార్యా వచ్చారు. వాళ్లూ అదే దేశం వెళదామనుకుంటున్నారు, వివరాలు కావాలి. ఏ రైలు, ఎక్కడ బస, పిల్లలకు ఏం పట్టుకెళ్లాలి, అన్నీ అడిగారు. మాటల్లో తోడికోడలు కూతురితో అంది, "మీ అమ్మగారికి వీల్‌చైర్ పెట్టించారటగా అక్కా, చిటికెలో దాటేశారట. మేమూ మా అమ్మకి అదే చేద్దామనుకుంటున్నాం. ఆవిడకేం, దిట్టంగానే ఉంది."

కూతురు నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగిపోయింది. ముందుచూపు ఏదో అనబోయాడు గానీ మీటరమ్మే అందుకుంది.

"చెయ్యకమ్మా. నేను చేశాను, నీకు చెబుతున్నాను."

గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయన గురించీ, వెళ్లండమ్మా అన్న ఆవిడ గురించీ, రెండు సీట్ల గురించీ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు, తనను తాను వెనకేసుకు రాలేదు. భుజం మీద పడిన చెయ్యి సంగతి మాత్రం చెప్పకుండా దాటేసింది.

తోడికోడలు ఇబ్బందిగా కదిలింది. "తర్వాత విమానంలో వెళ్లే ఉంటార్లెండి, పెద్దమ్మగారూ."

"వెళ్లే ఉంటారు" అంది మీటరమ్మ. "ఆ కాళ్లతో మర్నాటి దాకా ఎక్కడ కూర్చున్నారో."

తర్వాత తమ్ముడు, మనిషికి ఎన్ని సూట్‌కేసులు తీసుకెళ్లనిస్తారని అడిగాడు. ముందుచూపు చెప్పడం మొదలుపెట్టాడు. మీటరమ్మ లేచి పెరట్లోకి వెళ్లి, ఆరిన బట్టలు తీగ మీంచి తీసుకోసాగింది.